ఆపిన కాగితాలు

గ్వాయకిల్,
5 ఫిబ్రవరి 1996

సోయిలా అక్కకు,

ఈ ఉత్తరంతో పాటు విల్మెర్ ఒక అట్టపెట్టె కూడా తెస్తాడు. దాన్ని బస్సు పైన మూటల్లో కట్టవద్దనీ, ఒళ్ళో పెట్టుకోమనీ నాలుగుసార్లు చెప్పాను. "నేను ఒళ్ళో పెట్టుకుంటే స్టీరింగు ఎవడు తిప్పుతాడు, మీ ఇంజనీరా?" అన్నాడు. పెట్టెకు దెబ్బ తగిలి ఉంటే వాడికి నీ చేతి కాఫీ పొయ్యకు.

పెట్టెలో ఉన్నది నేను ఆర్నెల్లుగా తల బద్దలు కొట్టుకున్న పని. మీ మచాలా శాఖలో ఫ్యాక్స్ పంపాలంటే ఇప్పటిదాకా ప్రతి కాగితానికీ దూరప్రాంతపు ఫోన్ ఖర్చే. ఇక ఉండదు. సరుకు లెక్కల కోసం మూడు ఆఫీసుల కంప్యూటర్లనూ కలుపుతూ అద్దెకు తీసుకున్న టెలిఫోన్ లైను ఎలాగూ ఉంది, రోజులో సగం ఖాళీగానే ఉంటుంది. కీటోలో ఎవరికైనా కాగితం పంపావనుకో, అది నీ యంత్రం నుంచి ఆ లైను మీద మా దగ్గరికి వస్తుంది, ఇక్కణ్ణుంచి కీటో ఆఫీసుకు పోతుంది, అక్కడి యంత్రం పక్క వీధికి ఫోన్ చేసినట్టు చేసి అందజేస్తుంది. మధ్యలో మనిషి చెయ్యి పడదు. గోదాముల్లో, ప్యాకింగ్ షెడ్లలో వాళ్ళు కూడా తమ కాగితాలు నీ దగ్గరికే తెచ్చి పంపుకోవచ్చు.

ఇంజనీరు అరీసాగా గారు పోయిన వారం అందరి ముందూ నా భుజం తట్టి, "ఓల్గెర్ తొమలా ఈ కంపెనీకి ఒక ఫోన్ బిల్లు తగ్గించాడు" అన్నారు. మార్చి ఒకటి నుంచి నా ఉద్యోగం ఖాయం. యాదిరాకు ఐదో నెల. ఈ రెండూ ఒకేసారి రావడంతో నీ మరదలు పాటలు పాడుతూ వంట చేస్తోంది, ఉప్పు రెండుసార్లు వేస్తోంది.

యంత్రానికి పెట్టిన ప్లగ్గు తీసి కాఫీ కెటిల్ పెట్టకు. నిన్ను ఎరుగుదును.

నీ తమ్ముడు
ఓల్గెర్


మచాలా,
18 మార్చి 1996

ఓల్గెర్‌కు,

నీ యంత్రం బాగానే ఉంది. నెల నుంచి కెటిల్ పక్క గదిలో పెట్టుకుంటున్నాను, చాలా?

ఈసారి హాస్యానికి ఓపిక లేదు. పోయిన గురువారం మధ్యాహ్నం రెండో నంబరు షెడ్డులో ఆడవాళ్ళు అన్నాలు తింటున్న వేళకు మందు చల్లే విమానం అరటి తోట మీదికి వచ్చింది. ఆ వేళకు రాకూడదు. విమానానికి కింద నుంచి జెండా ఊపే మనిషి కూడా లేడట. షెడ్డుకు గోడలు లేవు కదా, మందు పళ్ళేల్లో పడింది, తలల మీద పడింది. పదకొండు మంది. సాయంత్రానికి వాంతులు, నోటి వెంట చొంగ, కళ్ళు మసకలు. మన ఔరిస్తేలా కూడా ఉంది వాళ్ళలో. నేను బాప్తిస్మానికి ఎత్తుకున్న పాప తల్లి. ఆమె ఊపిరి అందక నా చెయ్యి పట్టుకున్న పట్టు ఇంకా మణికట్టు మీద కనిపిస్తోంది.

ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ లోయైసా అని చిన్నమ్మాయి, పల్లె సేవకు ఏడాదికని వచ్చింది. విమానం దిగే చోటికి తనే నడిచి వెళ్ళి, ఖాళీ పీపా మీది నంబరు రాసుకుని వచ్చింది. అది ఆకుల మీద చల్లే మందు కాదట, నేలలో పురుగులకు పోసేదట. పీపాలు తారుమారు చేశారు. ఆ సంగతంతా నాలుగు పేజీల నివేదికలో రాసి, కీటోలో కార్మిక తనిఖీ అధికారికి పంపమని నాకిచ్చింది. ఆరోగ్య కేంద్రంలో ఫోనే లేదు. నీ యంత్రం ఉంది కదా, మధ్యలో మనిషి చెయ్యి పడదని నువ్వే రాశావు కదా, శుక్రవారం పదిన్నరకు అందులోనే పంపించాను. 'చేరింది' అని పడింది. అసలు కాగితాలు డాక్టరుకు తిరిగి ఇచ్చేశాను.

ఈ ఉదయం కీటోకు ఫోన్ చేశాను. తనిఖీ ఆఫీసు గుమాస్తా, "మాకేమీ రాలేదమ్మా, మచాలా నుంచి కొబ్బరికాయ కూడా రాలేదు" అంటుంది.

ఎక్కడ ఆగిందో చూసి చెప్పు. వెంటనే.

సోయిలా


గ్వాయకిల్,
20 మార్చి 1996

అక్కా,

నీ ఉత్తరం చదివి మనసు చెడిపోయింది. ఔరిస్తేలా ఎలా ఉంది?

ఇక్కడ మూడు రోజులుగా ఎడతెరిపి లేని వాన. మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు. యాదిరా చెప్పులు చేత్తో పట్టుకుని బజారుకు వెళ్తోంది. ఈ వానకు లైన్లన్నీ పాడవుతున్నాయి. నీ కాగితం కూడా అలాగే పోయి ఉంటుంది. ఇంకోసారి పంపు. ఈసారి తప్పకుండా వెళ్తుంది.

ఒక్క మాట. ఇలాంటివి నీ పేరు మీద పంపకుండా ఉంటే మంచిది. నువ్వు ఆ ఆఫీసులో పదమూడేళ్ళ నుంచి ఉన్నావు. డాక్టరు ఏడాదికి వచ్చింది, వెళ్ళిపోతుంది.

ఓల్గెర్


మచాలా,
27 మార్చి 1996

ఓల్గెర్,

అబద్ధం ఆడవలసి వస్తే నువ్వు వాతావరణం గురించి రాస్తావు. పదేళ్ళ వయసులో సైకిలు అమ్ముకుని వచ్చినప్పుడు కూడా ముందు ఎండ గురించే చెప్పావు.

నువ్వు చెప్పినట్టే రెండోసారి పంపాను. డాక్టరు దగ్గర కాగితాలు మళ్ళీ అడిగి తెచ్చుకుని, 21వ తేదీన. మళ్ళీ 'చేరింది' అనే పడింది. మళ్ళీ కీటోలో ఏమీ లేదు. ఆ మర్నాడే డాక్టర్ లోయైసాకు బదిలీ కాగితం వచ్చింది. ఉత్తరాన సరిహద్దు నది ఒడ్డున ఏదో ఊరట, పడవ మీద వెళ్ళాలట, ఫోన్ లేదట. ఒక్క రోజు గడువు. ఆమె వెళ్ళిన సాయంత్రం కేంద్రంలో సొరుగు తెరిచి చూస్తే నివేదిక లేదు, రిజిస్టరులో ఆ వారం పేజీలు కత్తిరించి ఉన్నాయి.

నిన్న మీ హెడ్డాఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. ఇంటింటికీ తిరిగారు. చెడిపోయిన రొయ్యలు తిని జబ్బుపడ్డామని రాసిన కాగితం మీద సంతకాలు అడిగారు. ఏడుగురు చేసేశారు. ఏం చేస్తారు, ఎవరి షెడ్డు వాళ్ళకు కావాలి. ఔరిస్తేలా కలం పట్టలేకపోతోంది. కాళ్ళు కూడా వారం నుంచి సరిగ్గా నిలవడం లేదు. ఆమె చేత వేలిముద్ర వేయించబోతే చెయ్యి దుప్పటి కిందికి లాక్కుంది. అప్పుడు వాళ్ళలో ఒకడు నవ్వుతూ ఏమన్నాడో తెలుసా?

"ఏమ్మా, నీ పేరు పక్కన డాక్టరమ్మ 'ముందు ఈమెను చూడండి' అని ఎర్రగీత గీసి మరీ రాసిందిగా, అంత గొప్పదానివా?"

ఆ గీత మూడో పేజీ అంచున ఉంది. నేను చూశాను, డాక్టరు చూసింది. ఎర్రగీత అని వాడికి ఎవరూ చెప్పలేదు, ఊహించుకుని అన్నాడు. నిజానికి డాక్టరు గీసింది ఊదారంగు గీత. ఫ్యాక్స్‌లో అన్ని రంగులూ నలుపే కదా. వాడు చూసింది డాక్టరు కాగితం కాదు, నా యంత్రంలోంచి వెళ్ళిన కాగితం.

అది ఎవరి చేతిలో పడింది?

సోయిలా


గ్వాయకిల్,
29 మార్చి 1996

అక్కా,

ఆ యంత్రంలో ఇక ఏదీ పంపకు. ఆఫీసు ఫోన్లో నాతో మాట్లాడకు. ఉత్తరాలు విల్మెర్ చేతికి మాత్రమే ఇవ్వు, ఆఫీసుకు కాదు, ఇంటికి తెమ్మను.

మిగతాది రాయడానికి నాకు నాలుగు రోజులు కావాలి.

ఓ.


మచాలా,
31 మార్చి 1996

నాలుగు రోజులు తీసుకో. ఇక్కడ ఔరిస్తేలా ఇవాళ మంచం దిగబోయి పడిపోయింది. పాప అరుపులు విని పక్కింటివాళ్ళు వచ్చి లేపారు.

తనిఖీ అధికారి నాతో ఫోన్లో మర్యాదగానే మాట్లాడాడు. నేను చేసిన ఫిర్యాదు మీద విచారణ ఏప్రిల్ 24న. "రొయ్యలని సంతకాలు నా ముందు ఏడు ఉన్నాయమ్మా. వైద్యుడి కాగితం ఒక్కటీ లేదు. ఏదో ఒకటి తీసుకురండి, లేకపోతే మూసెయ్యడం తప్ప నేను చేసేది లేదు" అన్నాడు.

సోయిలా


గ్వాయకిల్,
3 ఏప్రిల్ 1996

అక్కా,

ఇది ఐదోసారి మొదలుపెట్టడం. ముందు నాలుగూ చింపాను.

జనవరిలో ఇంజనీరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "మన ధరలు బయటివాళ్ళకు తెలిసిపోతున్నాయి ఓల్గెర్. కొన్ని నంబర్లకు వెళ్ళే కాగితాలు ముందు నేను చూడాలి. చూశాక వదులుతాను" అన్నారు. పదిహేడు నంబర్లున్న చీటీ ఇచ్చారు. అవి ఎవరివో నేను చూడలేదు. చూడాలనిపించలేదు అని రాయడమే నిజం. మా సర్వరులో ఒక నియమం పెట్టాను. ఆ నంబర్లకు వెళ్ళే ఏ కాగితమైనా గ్వాయకిల్ దాటదు, 'ఆపినవి' అనే అరలో పడుతుంది. "పంపినవాళ్ళకు తెలియక్కర్లేదు కదా?" అని కూడా అడిగారు. అదీ చేశాను. నీ కాగితం మా దగ్గరికి చేరగానే నీకు 'చేరింది' అని పడుతుంది. నాకు అది పెద్ద తెలివైన పనిలా తోచింది కూడా.

పదిహేడింటిలో ఒకటి తనిఖీ అధికారిది. ఒకటి కార్మిక సంఘానిది. రెండు పత్రికలవి. ధరలు అమ్ముకునేవాడి నంబరు ఒక్కటీ లేదు.

మార్చి 18 నాటి నీ ఉత్తరం అందగానే ఆ అర తెరిచాను. నీ నాలుగు పేజీలూ ఉన్నాయి. చదివాను. ఔరిస్తేలా పేరు చదివాను. అయినా నీకు వాన గురించి రాశాను. ఇంకోసారి పంపమన్నది ఎందుకంటే, ఇంజనీరు గారు చూసి వదులుతారేమో, నేను ఏమీ చెయ్యకుండానే ఇది తేలిపోతుందేమో అని. ఆయన వదల్లేదు. ప్రింటు తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకోవడం నేను చూశాను. మర్నాడు డాక్టరుకు బదిలీ.

ఇప్పుడు ఆ నివేదిక లోకంలో ఎక్కడైనా ఉందంటే నా యంత్రంలోనే ఉంది. ఈ ఉదయం ఆయన వచ్చి, "ఆపినవన్నీ ఖాళీ చెయ్. ఈస్టరు సెలవుల తర్వాత సోమవారం సాయంత్రానికి ఆ అరలో ఏమీ ఉండకూడదు" అన్నారు. "సరే సార్" అన్నాను.

నా ఉద్యోగం ఖాయమై ఐదు వారాలు. యాదిరాకు ఏడో నెల. ఆమెకు ఏమీ చెప్పలేదు. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు అక్కా. నువ్వు చెప్పినట్టే చేస్తాను.

ఓల్గెర్


మచాలా,
5 ఏప్రిల్, గుడ్ ఫ్రైడే

ఓల్గెర్,

పొద్దున గుమ్మడి, పప్పులు, ఉప్పుచేప వేసి పండగ పులుసు కాచాను. ఔరిస్తేలా ఇంటికి పట్టుకెళ్ళి చెంచాతో తాగించాను. "ఓల్గెర్‌కు పంపావా?" అని అడిగింది. నువ్వు చిన్నప్పుడు ఆమె ఇంట్లో మూడు గిన్నెలు తాగి అరుగు మీద పడుకుని నిద్రపోయిన సంగతి చెప్పి నవ్వింది. నేను గిన్నె కడిగే నెపంతో వెనకవైపు వెళ్ళిపోయాను.

ఏం చెయ్యాలో నేను చెప్పను. జనవరిలో ఒకాయన చెప్పినట్టు చేశావు. ఇప్పుడు నేను చెప్పినట్టు చేస్తే, రేపు ఏదైనా జరిగితే అక్క చెప్పిందంటావు. నీకు ఇరవై తొమ్మిదేళ్ళు.

నీ మీద నాకు కోపం ఎంత ఉందో రాయడానికి కాగితం చాలదు. కానీ నిన్ను పట్టించను. తనిఖీ అధికారికి నీ పేరు నా నోటి వెంట రాదు. అది కూడా నాకు సిగ్గుగానే ఉంది. ఆమె మంచం పక్కన కూర్చుని నా తమ్ముణ్ణి దాస్తున్నాను కదా.

యాదిరాకు చెప్పు. ఏం చేసినా, ఆమెకు చెప్పి చెయ్యి.

సోయిలా


గ్వాయకిల్,
9 ఏప్రిల్ 1996

అక్కా,

శనివారం యాదిరాకు చెప్పాను. బిడ్డ బట్టలు మడతపెడుతోంది, మడతపెట్టినవే మళ్ళీ విప్పి మడతపెట్టింది. చివరికి, "ఆమె నోటి వెంట చొంగ అని చదివి కూడా ఇంటికొచ్చి నాతో అన్నం తిన్నావా?" అంది. అంతే. సోమవారం పొద్దున నా తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసి ఉంచింది.

నిన్న సోమవారం. ఒంటిగంటకు ఆఫీసు మొత్తం భోజనానికి వెళ్తుంది. గుమ్మం దగ్గర కూర్చునే పియేదాద్ అమ్మ, "రావా నాయనా, ఇవాళ చేపల పులుసు" అని పిలిచింది. కడుపు బాగాలేదన్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగేదాకా కూర్చుని, నియమం తీసేశాను. ఒక్క వరుస అక్కా. ఒక్క వరుస చెరిపేస్తే చాలు.

అరలో ముప్పై ఒక్క కాగితాలున్నాయి. నీవి మాత్రమే వదులుదామనుకున్నాను. తర్వాత మిగతావి తెరిచి చూశాను. జీతం ఆపారని సంఘానికి రాసిన ఒక బండివాడిది, చెయ్యి విరిగిన ఒక పెట్టెలు మోసేవాడిది. ఎవరి నంబరుకు రాసింది వాళ్ళకే వెళ్ళేలా అన్నీ వదిలేశాను. నీ రెండు ఫ్యాక్సులూ ముందు పెట్టాను.

లైను దాటి అవి కీటో యంత్రానికి చేరడం తెర మీద చూశాను. అక్కణ్ణుంచి తనిఖీ ఆఫీసు నంబరు తిరిగింది. పని మీద ఉంది. మళ్ళీ. పని మీద ఉంది. ఒంటిగంట పదిహేనుకు కలిసింది. ఒక పేజీ వెళ్ళింది. రెండు. మూడో పేజీ సగంలో ఆగిపోయింది, ఎర్ర అక్షరాలు పడ్డాయి. ఇంజనీరు గారు రెండింటికి ముందే వస్తారు. ఇక ఏమైతే అయిందని నేరుగా కీటోకు ఫోన్ చేశాను.

"మీ ఫ్యాక్స్ యంత్రంలో కాగితం చుట్ట అయిపోయినట్టుంది, చూస్తారా అమ్మా?"

"భోజనం వేళ బాబూ ఇది. ఎవరు మీరు?"

"మచాలా నుంచి మార్చిలో రావలసిన కాగితం పంపుతున్నవాణ్ణి."

"కొబ్బరికాయ అన్నానే ఆ మచాలా అమ్మ తాలూకానా? ఉండండి, ఉండండి, లైను పెట్టెయ్యకండి!" అంటూ పరిగెత్తిన చెప్పుల చప్పుడు వినిపించింది. ఆమె చుట్ట మార్చేలోగా నేను అప్పటిదాకా ఆలోచించని పని ఒకటి చేశాను. సర్వరు రాసుకునే చిట్టా ఉంటుంది కదా, ఏ కాగితం ఏ నిమిషాన వచ్చింది, ఎక్కడ ఆగింది, ఏ నియమం ఆపింది, ఎవరు పెట్టారు అని. ఆ పేజీలు కూడా వరుసలో చేర్చాను. అవి లేకపోతే, మేమెప్పుడు ఆపామంటారు వీళ్ళు. వాటిలో పెట్టినవాడి పేరు నాదే ఉంటుంది, ఇంజనీరు గారిది ఉండదు. అయినా పంపాను.

నీ నాలుగు పేజీలూ పూర్తయ్యాయి. చిట్టాలో చివరి పేజీ వెళ్తూ ఉండగా ఆయన తలుపు తీశారు.

"ఏం పంపుతున్నావ్?"

తీగ లాగేస్తే ఆగిపోయేది. నా చెయ్యి దాని పక్కనే ఉంది.

"ఆపినవి సార్. ఖాళీ చెయ్యమన్నారు కదా."

ఆయనకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అరవలేదు. కుర్చీలో కూర్చుని, "నీకు పిల్ల పుట్టబోతోందనుకుంటాను" అన్నారు. గది తాళం, సర్వరు తాళం బల్ల మీద పెట్టి వచ్చేశాను. కంపెనీ రహస్యాలు బయటపెట్టానని కేసు పెడతారని సాయంత్రం పియేదాద్ అమ్మ ఇంటికి వచ్చి చెప్పింది. వస్తూ నా చేపల పులుసు గిన్నెలో తెచ్చింది.

ఓల్గెర్


మచాలా,
25 ఏప్రిల్ 1996

తమ్ముడికి,

నిన్న కీటోలో విచారణ అయింది. రాత్రంతా బస్సు. ఔరిస్తేలాను వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాం. సంతకం పెట్టిన ఏడుగురిలో నలుగురు, చెప్పకుండానే బస్టాండుకు వచ్చి ఎక్కారు.

కంపెనీ లాయరు రొయ్యల గురించి పావుగంట మాట్లాడాడు. తనిఖీ అధికారి ఓపిగ్గా విని, నాలుగు పేజీలు ఆయన ముందు పరిచాడు. పీపా నంబరు చదివాడు. ప్రతి పేజీ నెత్తిన మచాలా అని, మార్చి 15, పదీ ముప్పై రెండు అని పడి ఉంది. "ఇది నాకు ఏప్రిల్ ఎనిమిదిన చేరింది. పక్కూరి నుంచి నడుచుకుంటూ వచ్చిందా?" అని అడిగాడు. లాయరు నీళ్ళు తాగాడు.

తర్వాత చిట్టా చదివాడు. గట్టిగా చదివాడు. "నియమం పెట్టినవారు: ఓల్గెర్ తొమలా." గదిలో అందరూ నా వైపు తిరిగారు. నా పేరు కూడా తొమలాయే కదా. ఔరిస్తేలా నా పక్కనే కుర్చీలో ఉంది.

"మన ఓల్గెరా?" అంది.

"అవును" అన్నాను.

"కాగితం పంపింది కూడా వాడేనా?"

"అవును."

తీర్పు చెప్పేదాకా నేల వైపే చూస్తూ కూర్చుంది. పదకొండు మందికీ వైద్యం ఖర్చు, పని పోయిన రోజుల కూలి కంపెనీయే ఇవ్వాలి. రొయ్యల కాగితాలు చెల్లవు. పీపాల సంగతీ, నీ ఇంజనీరు సంగతీ కోర్టుకు పంపుతారు. కంపెనీ పై అధికారికి అర్జీ పెట్టుకుంటుందట, నాకు తెలిసి ఏడాది పడుతుంది. నన్ను ఈ రోజు నుంచి ఆఫీసుకు రావద్దన్నారు. నీ మీద పెట్టబోయే కేసులో సాక్ష్యానికి వస్తానని తనిఖీ ఆఫీసు గుమాస్తా తనంతట తానే చెప్పింది.

కీటోలో నరాల డాక్టరు ఔరిస్తేలాను చూశాడు. చేతులు చాలావరకు తిరిగి వస్తాయట. కాళ్ళ గురించి మాట ఇవ్వలేనన్నాడు. మూడు వారాల ముందు వచ్చి ఉంటే, అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి ఆపేశాడు.

తిరుగు బస్సులో కొండలు దిగాక నన్ను లేపింది. "సోయిలా, ఆ మూడు వారాలు వాడికి తెలుసా? నేను పడ్డ సంగతి నువ్వు రాశావా?" అని అడిగింది. రాశానన్నాను. అప్పుడు ఆమె అన్నది ఆమె మాటల్లోనే రాస్తున్నాను.

"ఉత్తరంలో ఒద్దు. వాణ్ణి వచ్చి నా ఎదురుగా కూర్చోమను. నేను అడుగుతాను, వాడు చెప్పాలి. తర్వాత క్షమిస్తానో, చెంప పగలగొడతానో నాకే తెలీదు. కానీ రమ్మను."

ఆమె చేతులు కొద్దిగా లేస్తున్నాయి ఓల్గెర్. పగలగొట్టగలదు.

నేను నీతో అనాల్సింది కూడా చాలా ఉంది, దేన్నీ కాగితం మీద పెట్టను.

సోయిలా


గ్వాయకిల్,
26 ఏప్రిల్ 1996

అక్కా,

ఆదివారం పొద్దున ఆరు గంటల బస్సుకు బయల్దేరుతున్నాను. యాదిరా కూడా వస్తానంటోంది, గతుకుల్లో వద్దంటే వినలేదు. ముందు మీ ఇంటికి రాను. బస్టాండు నుంచి నేరుగా ఔరిస్తేలా ఇంటికే వెళ్తాను. తలుపు తీసి ఉంచమని చెప్పు.

ఓల్గెర్